డ్యూన్: నవలలు, తెరరూపాలు

అమెరికన్ రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ (1920–1986) రాసిన ఆరు సైన్స్ ఫిక్షన్ నవలల వరుసకు డ్యూన్ అని పేరు. తొలి నవల డ్యూన్ 1965లోనూ, చివరిదైన చాప్టర్‌హౌస్: డ్యూన్ 1985లోనూ వెలువడ్డాయి. మొదటి నవల మూడుసార్లు తెరకెక్కింది. 1984లో డేవిడ్ లించ్ దాన్ని ఒకే సినిమాగా తీశాడు. 2000లో జాన్ హ్యారిసన్ మూడు భాగాల టీవీ ధారావాహికగా మలిచాడు. 2021, 2024 సంవత్సరాల్లో డెని విల్నెవ్ రెండు సినిమాలుగా పంచి తీశాడు. రెండు, మూడు నవలలను కలిపి 2003లో మరో టీవీ ధారావాహిక వచ్చింది.

నవలనూ సినిమానూ పక్కపక్కన పెట్టినప్పుడు ఏ సన్నివేశం మిగిలింది, ఏది పోయింది అని లెక్క చూడడం మామూలే. డ్యూన్ విషయంలో ఆ లెక్కకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. జనాన్ని ఉద్ధరిస్తానని వచ్చే మహావీరుణ్ణి నమ్మితే ఏమవుతుందో హెచ్చరించడానికి హెర్బర్ట్ ఈ కథ రాశాడు. వంద అడుగుల తెరకేమో వీరుడు లేకపోతే గడవదు. ఈ చిక్కును ఎవరు ఎలా విప్పారన్నదే ఈ తెరరూపాల చరిత్ర.

నవల పుట్టుక

1957లో హెర్బర్ట్ ఒక పత్రికా వ్యాసం కోసం ఒరెగాన్ రాష్ట్రంలోని ఫ్లోరెన్స్ పట్టణానికి వెళ్లాడు. అక్కడి తీరంలో ఇసుక దిబ్బలు గాలికి కదిలి దారులనూ కట్టడాలనూ కప్పేస్తుంటే, అమెరికా వ్యవసాయ శాఖ వారు గడ్డి నాటి వాటిని నిలబెడుతున్నారు. ఆ వ్యాసం ఎన్నటికీ పూర్తి కాలేదు. ఎడారుల గురించి, అక్కడ పుట్టిన మతాల గురించి, జీవావరణం గురించి చదువుతూ పోయిన హెర్బర్ట్ చేతిలో అది నవలగా ఎదిగింది. పుస్తకాన్ని ఆయన మెట్ట ప్రాంతాల జీవావరణ శాస్త్రజ్ఞులకు అంకితం చేశాడు.

నవల మొదట అనలాగ్ పత్రికలో రెండు విడతలుగా, 1963 డిసెంబరు నుంచి 1964 ఫిబ్రవరి వరకు, మళ్లీ 1965 జనవరి నుంచి మే వరకు వచ్చింది. ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు వద్దన్నాక, కార్ల మరమ్మతు పుస్తకాలకు పేరుపడిన చిల్టన్ సంస్థ 1965లో దాన్ని అచ్చువేసింది. 1966లో రోజర్ జెలాజ్నీ నవలతో కలిసి హ్యూగో బహుమతిని పంచుకుంది. నవలకిచ్చిన మొట్టమొదటి నెబ్యులా బహుమతి కూడా దీనిదే.

కథాకాలం సుదూర భవిష్యత్తు. ఆలోచించే యంత్రాలను మనుషులు ఏనాడో ధ్వంసం చేసి నిషేధించారు. లెక్కలు కట్టే పని మెంటాట్లనే శిక్షితులది. గ్రహాల మధ్య ప్రయాణం స్పేసింగ్ గిల్డ్ గుత్తాధిపత్యం. ఆ గిల్డ్ నావికులకు దారి కనబడాలంటే మెలాంజ్ అనే మసాలా కావాలి. అది విశ్వం మొత్తంలో అర్రాకిస్ అనే ఎడారి గ్రహంలోనే, మహాకాయ ఇసుకపురుగుల జీవచక్రంలో భాగంగా పుడుతుంది. చక్రవర్తి ఆజ్ఞతో అర్రాకిస్ పాలన చేపట్టిన డ్యూక్ లేటో అట్రైడిస్‌ను, ఆ చక్రవర్తే శత్రువర్గమైన హార్కొన్నెన్లతో కలిసి తుదముట్టిస్తాడు. లేటో కొడుకు పదిహేనేళ్ల పాల్, తల్లి జెస్సికాతో ఎడారిలోకి పారిపోయి అక్కడి ఫ్రెమెన్ జాతిని చేరుతాడు. వారికి నాయకుడై, ప్రవక్తయై, చివరకు సింహాసనాన్ని చేజిక్కించుకుంటాడు.

ఇంతవరకే చెబితే ఇది రాజ్యం పోగొట్టుకున్న కుర్రవాడు దాన్ని గెలుచుకున్న కథ. దీనికి అడుగున హెర్బర్ట్ మరో పొర పెట్టాడు. ఫ్రెమెన్లు ఎదురుచూసే రక్షకుడి జోస్యం వారి సొంతం కాదు. తమవారెవరైనా ఆపదలో పడితే అక్కరకొస్తుందని బెనె గెస్సరిట్ సన్యాసినుల సంఘం ఎన్నో తరాల కిందట నాటిన నమ్మకం అది. జెస్సికా ఆ సంఘంలో మనిషి. కొడుకును బతికించుకోవడానికి తల్లి ఆ అబద్ధాన్ని వాడుకుంటుంది. తన పేరిట విశ్వమంతటా సాగబోయే మారణకాండ పాల్‌కు ముందే కళ్లకు కడుతుంది. దాన్ని తప్పించాలని నవలంతా పెనుగులాడి, చివరకు ఓడిపోయి గద్దెనెక్కుతాడు.

చాలామంది పాఠకులు ఈ ఓటమిని గమనించలేదు. గెలుపునే చూశారు. రెండో నవల డ్యూన్ మెస్సయ్య (1969) ఆ పొరపాటును నేరుగా ఎదుర్కొంది. పన్నెండేళ్ల తర్వాత కథ మొదలయ్యేసరికి పాల్ పేరిట జరిగిన యుద్ధాల్లో 6,100 కోట్ల మంది చచ్చిపోయి ఉంటారు. తనను హిట్లర్‌తో, చెంఘిజ్ ఖాన్‌తో పోల్చుకుని పాల్ ఆ లెక్క తానే చెబుతాడు. తొలి నవలను ఆదరించిన అనలాగ్ సంపాదకుడు జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ దీన్ని తిప్పి పంపాడు. వీరుడు పతనం కావడం ఆయనకు నచ్చలేదు. నవల గెలాక్సీ పత్రికలో వచ్చింది. మొదటి నవల పూర్తికాక మునుపే తర్వాతి రెండింటిలోని కొన్ని భాగాలు రాసుకున్నానని హెర్బర్ట్ తర్వాత చెప్పాడు. అంటే పతనం తర్వాత అతికించిన ముగింపు కాదు, మొదటినుంచీ ఉన్న పథకమే. మొదటి నవలను మాత్రమే తెరకెక్కించే ఎవరికైనా ఇదే అసలు ఇబ్బంది: సగం వాక్యం దగ్గర ఆగిపోయినట్టవుతుంది.

తీయని సినిమా

నవల హక్కులు మొదట 1970ల ఆరంభంలో నిర్మాత ఆర్థర్ పి. జేకబ్స్ చేతికి వచ్చాయి. ఆయన 1973లో మరణించాడు. తర్వాత చిలీకి చెందిన దర్శకుడు అలెహాండ్రో హొడొరోవ్‌స్కీ, నిర్మాత మిషెల్ సేదూ అండతో భారీ పథకం వేశాడు. చక్రవర్తిగా చిత్రకారుడు సాల్వడోర్ డాలీ, బేరన్ హార్కొన్నెన్‌గా ఆర్సన్ వెల్స్, సంగీతానికి పింక్ ఫ్లాయిడ్. ఫ్రెంచి బొమ్మల కథల కళాకారుడు మోబియస్ సినిమా మొత్తాన్ని షాట్ల వారీగా గీసిపెట్టాడు. హాలీవుడ్ స్టూడియోలు ఆ లావుపాటి బొమ్మల పుస్తకాన్ని చూసి మెచ్చుకున్నాయిగానీ డబ్బు పెట్టలేదు. హొడొరోవ్‌స్కీకి నవల మీద విధేయత లేదు. ఆయన ముగింపులో పాల్ చనిపోతాడు, అతని చైతన్యం జనమందరిలోకీ పాకుతుంది, గ్రహం పచ్చబడుతుంది. హెర్బర్ట్ రాసినదానికి ఇది పూర్తిగా తలకిందులు. అయినా ఆ పని వృథా పోలేదు: దానికోసం పనిచేసిన డాన్ ఓబానన్, హెచ్.ఆర్. గీగర్, క్రిస్ ఫాస్, మోబియస్ నలుగురూ 1979లో వచ్చిన ఏలియన్ సినిమాకు పనిచేశారు. ఈ ఆగిపోయిన ప్రయత్నం మీద ఫ్రాంక్ పావిచ్ 2013లో డాక్యుమెంటరీ తీశాడు.

1984: లించ్ సినిమా

హక్కులు ఇటాలియన్ నిర్మాత డీనో డి లారెంటిస్‌కు చేరాక రిడ్లీ స్కాట్ కొంతకాలం పనిచేసి తప్పుకున్నాడు. ఆపైన డేవిడ్ లించ్ వచ్చాడు. మెక్సికోలోని చురుబుస్కో స్టూడియోల్లో, సుమారు 4 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన సినిమా 1984 డిసెంబరులో విడుదలైంది. నిడివి 137 నిమిషాలు. అమెరికాలో వసూళ్లు ఖర్చును చేరలేదు. కొన్ని థియేటర్లలో ప్రేక్షకులకు పదకోశం అచ్చువేసిన కాగితాలు పంచారు. తుది కూర్పు మీద లించ్‌కు అధికారం లేకపోయింది. తర్వాత టీవీ కోసం వేరెవరో పొడిగించిన కూర్పు నుంచి ఆయన తన పేరే తీయించుకున్నాడు.

ఈ సినిమాను విఫలయత్నంగా కొట్టిపారేయడం అన్యాయం. రాజదర్బారులోని బంగారు వన్నె, హార్కొన్నెన్ల లోకంలోని జుగుప్స, పొగ నిండిన గాజు తొట్టెలో తేలుతూ వచ్చే గిల్డ్ నావికుడు, వీటిలో ఒక పరాయి నాగరికత నిజంగా కనిపిస్తుంది. ఆ తొట్టె మొదటి నవలలో లేదు. డ్యూన్ మెస్సయ్యలోని ఎడ్రిక్ అనే నావికుడి నుంచి లించ్ దాన్ని ముందుకు తెచ్చాడు. నవల వాతావరణాన్ని పట్టుకోవడంలో ఇంత సాహసం తర్వాతివారు చేయలేదు.

దెబ్బతిన్నది కథ రెండో సగంలో. పాల్ ఫ్రెమెన్లలో ఒకడుగా మారే రెండేళ్లు కొద్ది నిమిషాల్లో దొర్లిపోతాయి. నవలలో ఫ్రెమెన్లను గెలిపించేది ఎడారి నేర్పిన కాఠిన్యం, ఇసుకపురుగులు, మతావేశం; సినిమాలో గొంతు శబ్దాన్ని మారణాయుధంగా మార్చే యంత్రాలు. అన్నిటికన్నా పెద్ద మార్పు చివర్లో ఉంది. పాల్ సంకల్పించగానే అర్రాకిస్ మీద వాన కురుస్తుంది. సినిమాను మొత్తం మీద ఇష్టపడిన హెర్బర్ట్ కూడా ఇక్కడ అభ్యంతరం చెప్పాడు: పాల్ దేవుడిలా నటించే మనిషే తప్ప వాన కురిపించే దేవుడు కాడు. ఆ వాన కథ తర్కాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఇసుకపురుగుకు నీరు విషం. గ్రహమంతా వాన పడితే పురుగులు చస్తాయి, పురుగులు చస్తే మసాలా ఉండదు, మసాలా లేకపోతే పాల్ ఇప్పుడే గెలిచిన సామ్రాజ్యం నిలవదు. మూడో నవల చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్ (1976) నిలబడింది సరిగ్గా ఈ చిక్కు మీదే.

టెలివిజన్

సైఫై ఛానల్ కోసం హ్యారిసన్ రాసి తీసిన 2000 నాటి ధారావాహికకు డబ్బు తక్కువ, సమయం ఎక్కువ. నాలుగు గంటలు దాటిన నిడివిలో కుట్రలకూ సంభాషణలకూ చోటు దొరికింది. చాయాగ్రాహకుడు విట్టోరియో స్టొరారో రంగస్థలం మీదిలా గీసిన తెరల ముందు, రంగురంగుల వెలుతురులో ఎడారిని చూపించాడు. అది నిజమైన ఎడారిలా ఉండదు, అలా ఉండాలనీ ప్రయత్నించలేదు. చాయాగ్రహణానికీ విజువల్ ఎఫెక్ట్స్‌కూ ఎమ్మీలు వచ్చాయి. నవలలో అధ్యాయాల తలకట్టున చరిత్రకారిణిగా మాత్రమే వినబడి, చివర్లో కనిపించే చక్రవర్తి కూతురు, రాజకుమారి ఇరులాన్‌కు ఇందులో మొదటినుంచీ పాత్ర ఇచ్చారు.

గ్రెగ్ యైటానెస్ దర్శకత్వంలో 2003లో వచ్చిన చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్ మొదటి భాగంలో డ్యూన్ మెస్సయ్య కథనంతా చెప్పి, మిగతా రెండు భాగాల్లో మూడో నవలను చెప్పింది. పాల్ కొడుకు రెండో లేటోగా జేమ్స్ మెకవాయ్ నటించాడు. నవలలో తొమ్మిదేళ్ల వయసున్న పాల్ కవల పిల్లలను యువతీ యువకులుగా మార్చారు. పెద్దల జ్ఞాపకాలతో పుట్టిన పిల్లలను నటింపజేయడం దాదాపు అసాధ్యం కాబట్టి ఆ మార్పును తప్పుపట్టలేం. పాల్ పతనాన్ని తెరమీద చూపించినవారు 2024 వరకూ వీరొక్కరే. ఆ ఘనత వీరికి సరిగా దక్కలేదు.

విల్నెవ్ రెండు సినిమాలు

కెనడా దర్శకుడు డెని విల్నెవ్ నవలను రెండుగా పంచాడు. 155 నిమిషాల మొదటి భాగం 2021లో, 166 నిమిషాల రెండో భాగం 2024 మార్చిలో విడుదలయ్యాయి. జోర్డాన్‌లోని వాదీ రమ్, అబుదాబి ఎడారుల్లోనూ, బుడాపెస్ట్ స్టూడియోల్లోనూ తీశారు. మొదటి భాగానికి పది ఆస్కార్ నామినేషన్లు, ఆరు బహుమతులు. రెండో భాగానికి శబ్దం, విజువల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో రెండు బహుమతులు. రెండో భాగం ప్రపంచవ్యాప్తంగా 70 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

ముందుగా, ముగ్గురు దర్శకులకూ తలనొప్పి తెచ్చిన విషయం చూడాలి. హెర్బర్ట్ నవల మనసులోపల నడుస్తుంది. ఒకే సన్నివేశంలో ఒకరి తలలోంచి మరొకరి తలలోకి దూకుతాడు. పైకి మర్యాదగా మాట్లాడుకునే ఇద్దరూ లోపల ఏమేం లెక్కలు వేస్తున్నారో పాఠకుడికి వినిపిస్తాడు. నవల తొలి అధ్యాయంలో బెనె గెస్సరిట్ పూజ్యమాత పాల్ చేతిని నొప్పి పెట్టెలో పెట్టించి, మెడ దగ్గర విషపు సూది ఆనించి పరీక్షిస్తుంది. భయాన్ని అణిచే మంత్రాన్ని పాల్ తనలో తాను చదువుకుంటాడు. లించ్ ఆ లోపలి మాటలను గుసగుసల రూపంలో నేరుగా వినిపించాడు, చేయి కాలిపోతున్నట్టు దృశ్యాన్నీ చూపించాడు. విల్నెవ్ మంత్రాన్ని తలుపు బయట నిలబడి వణుకుతున్న జెస్సికా నోట పెట్టాడు. లోపల కొడుకు బాధ, బయట తల్లి భయం, ఒక్క మంత్రం రెండింటినీ కలుపుతుంది. నవలలో లేని ఈ అమరిక నవల భావాన్ని మరింత చిక్కగా పట్టుకుంది. మంచి తెరరూపం అంటే ఏమిటో అడిగినవారికి చూపించదగ్గ సన్నివేశమిది.

ప్రతిచోటా ఇంత అదృష్టం దొరకలేదు. లేటో కుటుంబ వైద్యుడు డాక్టర్ యూయె ద్రోహి అని హెర్బర్ట్ ఆరంభంలోనే చెప్పేస్తాడు. అంతా తెలిసి, లేటో కుటుంబం అతణ్ణి నమ్ముతుంటే చూస్తూ ఉండడంలో ఆ భాగపు బిగువంతా ఉంది. 2021 సినిమా ద్రోహాన్ని జరిగే క్షణం దాకా దాచింది. ఆశ్చర్యం దక్కింది, ఆ దిగులు పోయింది. భార్యను శత్రువులు చెరబట్టినందుకే ద్రోహానికి లొంగిన యూయె, నవలలో దయనీయమైన మనిషి. సినిమాలో రెండు మూడు సన్నివేశాల్లో తేలిపోతాడు.

అర్రాకిస్ రాజధాని అర్రాకీన్‌లో జరిగే విందు సన్నివేశం లించ్ సినిమాలోనూ, విల్నెవ్ సినిమాలోనూ లేదు. అతిథులు చేతులు కడుక్కుని నీళ్లు నేలమీద ఒలికించి, తుడుచుకున్న తువ్వాళ్లను పారేస్తే వాటిని పిండిన తడి కోసం గుమ్మం బయట బిచ్చగాళ్లు కాచుకుని ఉండే ఆచారాన్ని డ్యూక్ లేటో ఆపించే ఘట్టమిది. నీటి వ్యాపారులు, దొంగరవాణాదారులు, గ్రహ జీవావరణ శాస్త్రజ్ఞుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని మాటలతో కత్తులు దూస్తారు. నీరు ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిదన్న సత్యం నవలలో ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. ఇది పోవడం పెద్ద నష్టమే. దానికి బదులు విల్నెవ్ కోటలోని ఇరవై ఖర్జూర చెట్ల ప్రస్తావనను నిలబెట్టుకున్నాడు. నవలలో ఆ లెక్క ఇలా ఉంటుంది: చెట్టుకు రోజుకు 40 లీటర్లు, మనిషికి 8 లీటర్లు, ఇరవై చెట్లు నూరుమంది నీరు తాగుతున్నట్టు. సినిమాలో తోటమాలి ఈ విషయం పాల్‌కు చెబుతాడు. దాడి రాత్రి ఆ చెట్లు తగలబడుతూ కనిపిస్తాయి.

లేటో కొలువులోని మెంటాట్ థుఫిర్ హవాట్ కథ దాదాపుగా పోయింది. ద్రోహి జెస్సికానే అని అతనూ లేటో యోధుడు గర్నీ హాలెక్కూ నమ్మడం, గర్నీ ఆమె గొంతు మీద కత్తి పెట్టడం రెండో భాగంలో లేవు. గిల్డ్ రాజకీయం నామమాత్రం. యంత్రాల మీద జరిగిన పురాతన తిరుగుబాటు ఊసే లేదు. కృత్రిమ మేధ గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లో అది చేజార్చుకున్న అవకాశం. శాస్త్రజ్ఞుడు లియెట్ కైన్స్‌ను స్త్రీగా మార్చారు. షారన్ డంకన్ బ్రూస్టర్ హుందాగా నటించింది. కైన్స్ చనిపోవడం నవలలో మరింత లోతుగా ఉంటుంది: ఎడారిని అంతగా తెలిసినవాడు ఒంటరిగా, మృత తండ్రి గొంతు వింటూ, తాను చదివిన భూమి చేతిలోనే పోతాడు. తండ్రి పార్డట్ కైన్స్ వేసిన పథకం ప్రకారం ఈ గ్రహాన్ని పచ్చగా చేయడానికి మూడు నుంచి ఐదు వందల ఏళ్లు పడుతుంది. ఫ్రెమెన్లు అందుకు సిద్ధపడి చుక్క చుక్క నీరు దాస్తున్నారు. ఆ ఓపికను పాల్ యుద్ధం మింగేయడం నవలలోని విషాదాల్లో ఒకటి. సినిమాలో దాచిన నీటి కొలను కనిపిస్తుందిగానీ ఈ కాలపు లెక్క వినబడదు.

చానీ మార్పు

రెండో భాగంలో విల్నెవ్ చేసిన అతి పెద్ద మార్పు ఫ్రెమెన్ యువతి చానీ పాత్ర. నవలలో ఆమె కైన్స్ కూతురు, పాల్‌ను ప్రేమించి, నమ్మి, అతనికొక కొడుకును కని, ఆ బిడ్డను చక్రవర్తి సైనికుల దాడిలో పోగొట్టుకున్న స్త్రీ. పాల్ రాజకీయం కోసం ఇరులాన్‌ను పెళ్లాడబోతుంటే ఆమె పక్కనే ఉంటుంది; పెళ్లికాని తమలాంటివారినే చరిత్ర భార్యలుగా గుర్తిస్తుందని జెస్సికా ఆమెను ఓదార్చడంతో నవల ముగుస్తుంది. సినిమాలో జెండయా నటించిన చానీ ఈ జోస్యాన్ని మొదటినుంచీ నమ్మదు. అది తమను బానిసలుగా ఉంచడానికి బయటివారు అల్లిన కథ అంటుంది. ఫ్రెమెన్లలో ఉత్తరాది యువత ఆమెలా సందేహిస్తారు, దక్షిణాది వారు గుడ్డిగా నమ్ముతారు; ఈ విభజన కూడా సినిమాదే. పాల్ సింహాసనం ఎక్కి, ఫ్రెమెన్లు పవిత్ర యుద్ధానికి ఓడలెక్కుతుంటే, చానీ ఒంటరిగా వెళ్లి పురుగును పిలుస్తుంది.

నవలను ప్రేమించినవారిలో కొందరికి ఇది అపచారంలా తోచింది. కారణం లేకపోలేదు: నమ్మకమూ సందేహమూ ఒకే మనిషిలో పెనుగులాడడం హెర్బర్ట్ కళ, ఇక్కడ ఆ రెండూ ఇద్దరు మనుషులుగా విడిపోయాయి. అయినా ఈ మార్పు సరైనదే. నవలలో హెచ్చరిక పాల్ ఆలోచనల్లో ఉంది. ఆలోచనలు వినబడని తెరమీద ఆ హెచ్చరిక ఎవరో ఒకరి ముఖం మీద కనబడాలి. నవలా పాఠకులు ఎందరో చూడని ఓటమిని చానీ ముఖం మీద థియేటర్లోని ప్రతి ఒక్కరూ చూశారు. అక్షరం తప్పినా ఉద్దేశాన్ని నిలబెట్టిన తెరరూపాల్లో దీనికి పెద్దపీట వేయాలి.

జెస్సికా విషయంలోనూ ఇదే దారి. నవలలో కొడుకు ఏమవుతున్నాడో చూసి తల్లి బెదురుతుంది. సినిమాలో రెబెక్కా ఫెర్గూసన్ జెస్సికా గర్భంలోని బిడ్డతో మాట్లాడుతూ, ఊరూరా జోస్యాన్ని తానే ప్రచారం చేస్తుంది. రెండేళ్ల కథను తొమ్మిది నెలల లోపుకు కుదించడంతో, నవలలో పసితనంలోనే పెద్దల మాటలు మాట్లాడే పాల్ చెల్లెలు ఆలియా సినిమాలో ఇంకా పుట్టనే లేదు. బేరన్‌ను చంపేది నవలలో ఆలియా, సినిమాలో పాల్. లించ్ ఆలియాను తెరమీదికి తెచ్చే ధైర్యం చేశాడు; ఆ పాప సన్నివేశాలు ఇబ్బందిగా ఉంటాయన్నది కూడా నిజం.

విల్నెవ్ నవలను మించిన చోటు హార్కొన్నెన్ల గ్రహం. నల్లని సూర్యుడి కింద రంగులన్నీ చచ్చిపోయిన కత్తిపోరు రంగాన్ని చాయాగ్రాహకుడు గ్రెగ్ ఫ్రేజర్ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీశాడు. హెర్బర్ట్ రాతలో ఈ హార్కొన్నెన్లు ఒకింత నాటక ప్రతినాయకులు. ఇక్కడ వారి క్రూరత్వానికి ఒక లోకం ఏర్పడింది.

తెరకు అందని నవలలు

విల్నెవ్ మూడో సినిమా డ్యూన్ మెస్సయ్య ఆధారంగా 2025లో చిత్రీకరణకు వెళ్లింది. విడుదలకు 2026 డిసెంబరును నిర్ణయించారు. రెండో భాగంలో పాల్‌ను వదిలి వెళ్లిన చానీ, రెండో నవలలో అతని కవలలను కని ప్రసవంలో మరణించే స్త్రీ. ఆ దూరాన్ని దాటించడం విల్నెవ్ తనకు తాను తెచ్చుకున్న పని. హెర్బర్ట్ కొడుకు బ్రయాన్ హెర్బర్ట్, కెవిన్ జె. ఆండర్సన్‌తో కలిసి ఈ లోకం మీద చాలా నవలలు రాశాడు. వాటిలో ఒకదాని నుంచి డ్యూన్: ప్రాఫెసీ అనే ధారావాహిక 2024లో హెచ్‌బీఓలో వచ్చింది. మూల నవలలతో పోల్చేటప్పుడు దాన్ని వేరుగా చూడడం మేలు.

నాలుగో నవల గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్ (1981) మూడు వేల ఐదు వందల ఏళ్లు ముందుకు దూకుతుంది. సగం మనిషి, సగం పురుగు అయిన రెండో లేటో విశ్వాన్ని ఏలుతూ, మనుషులు ఇక ఎన్నటికీ ఒకే నాయకుడి చేతిలో చిక్కకూడదన్న లక్ష్యంతో క్రూరుడవుతాడు. తండ్రి భయపడి విడిచిన దారిని కొడుకు నడుస్తాడు. కథలో ఎక్కువ భాగం సంభాషణలే, కథానాయకుడికి మానవరూపం లేదు. హెర్బర్ట్ ఆలోచన అత్యంత నిష్కర్షగా వెల్లడైనది ఈ పుస్తకంలోనే కాబట్టి, సినిమాలు చూసి డ్యూన్‌లోకి వచ్చిన పాఠకులు మొదటి నవల దగ్గర ఆగక కనీసం ఇక్కడిదాకా చదవాలి. ఈ నవల గానీ, దీని తర్వాతి హెరెటిక్స్ ఆఫ్ డ్యూన్ (1984), చాప్టర్‌హౌస్: డ్యూన్ గానీ ఇంతవరకు తెరకెక్కలేదు.